ఎండలో ఆపిన స్లాబు

దసరా వెళ్లిన మర్నాటి నుంచి సంగీత రోజూ మధ్యాహ్నం మూడు దాటగానే పని ఆపి తూర్పు దిక్కుకు తిరిగి నిలబడేది. అది ఉకాయ్ డ్యామ్ ఉన్న వైపు. పొద్దున్నుంచి ఆకాశంలో పీచంత మబ్బు కూడా ఉండదు. వానాకాలం పోయాక సూరత్‌లో కాసే ఎండ వేసవి ఎండకేం తీసిపోదు. తలకు చుట్టుకున్న తువ్వాల పది గంటలకే తడిసి ముద్దవుతుంది. కానీ మూడు దాటాక అటు అంచున తెల్లగా ఒక మబ్బు తల ఎత్తుతుంది. ఒక్కోరోజు అక్కడే కరిగిపోతుంది. ఒక్కోరోజు నల్లబడి, గాలి లేపుకుంటూ, ఆమె పని చేసే నవాగామ్ మీదికి వచ్చి, అరగంట దంచి వెళ్లిపోతుంది. గంట తర్వాత చూస్తే మళ్లీ ఏమీ ఎరగనట్టు ఎండ.

పదకొండు రోజుల్లో ఆరు రోజులు వచ్చింది. సంగీత లెక్కపెట్టుకుంది.

ఆమె లెక్కకు కారణం ఉంది. వచ్చే సోమవారం ఆమె మొదటి స్లాబు వేయబోతోంది. ఇంతకుముందు ఎన్నో స్లాబుల మీద పని చేసింది, కానీ మేస్త్రీగా ఇదే మొదటిది. జగిత్యాల దగ్గరి పల్లె నుంచి పదహారేళ్ల కిందట పెళ్లై సూరత్ వచ్చింది. భర్త రఘుపతి మరమగ్గాల సాంచాల మీద పనికి పోతే, ఇంట్లో ఒక్కతే కూర్చోలేక, పక్క గదుల్లో ఉండే దాహోద్ ఆదివాసీ ఆడవాళ్లతో కలిసి కంకర తట్టలు మోయడానికి వెళ్లింది. అక్కడ సాంబయ్య మేస్త్రీ కంట పడింది. సాంబయ్య ముప్ఫై ఏళ్లుగా సూరత్‌లో పాతుకుపోయిన తెలుగు మేస్త్రీ. తట్టలో ఉన్న కాంక్రీటును చూసి, "మామా, దీంట్ల నీళ్లెక్కువైనయ్" అని ఈ పిల్ల నాలుగోసారి కూడా సరిగ్గా చెప్పేసరికి ఆయన ఆమె చేతికి తాపీ ఇచ్చాడు. దారం కట్టడం, మట్టం చూడడం, గుండు వేలాడదీయడం అన్నీ నేర్పాడు. పోయిన హోళీ నాటికి ఆయన మోకాళ్లు మొరాయించాయి. తన మనుషులను పిలిచి, "ఇగ నుంచి మీ మేస్త్రీ సంగీత" అన్నాడు. ఆడమనిషి కింద చేయలేమని నలుగురు వెళ్లిపోయారు. పద్నాలుగు మంది ఉండిపోయారు. దాహోద్ నుంచి మంగూబేన్ మరో ఐదుగురు ఆడవాళ్లను వెంటబెట్టుకు వచ్చింది.

స్లాబు హైమవతిది. ఆవిడ సూరత్‌లోనే అడాజన్‌లో ఉంటుంది. ఇడ్లీ, దోసె పిండి ప్యాకెట్లు చేసి సగం ఊరికి వేస్తుంది. ఇంటి వంటగది చాలక, నవాగామ్‌లో ఒక సన్నటి గల్లీలో స్థలం కొని పెద్ద వంటశాల కట్టిస్తోంది. రెడీమిక్స్ లారీ ఆ గల్లీలోకి రాదు. మలుపులో కరెంటు స్తంభం అడ్డం. అందుకని లిఫ్టున్న మిక్సర్ మిషన్ తెప్పించి, మనుషులతోనే వేయాలి. అదీ వచ్చే వారంలోనే. దీపావళికి ముందు ధన్‌తేరస్ వచ్చిందంటే దాహోద్ వాళ్లంతా ఊళ్లకు బస్సెక్కుతారు, కార్తీక పున్నమి నాటి దేవ్ దీపావళి దాటితే గానీ తిరిగి రారు.

శుక్రవారం సైటు దగ్గర హైమవతి, ఇంజనీరు అనీష్, సంగీత ముగ్గురూ నిలబడి మాట్లాడుకున్నారు. అనీష్ సూరత్‌లోనే పుట్టి పెరిగిన తెలుగు కుర్రాడు. చదువు ముగించి రెండేళ్లయింది.

"పంతులుగారు సోమవారం తొమ్మిది నలభైకి ముహూర్తం పెట్టారమ్మా" అంది హైమవతి.

"తొమ్మిది నలభైకి మొదలువెడ్తే ఒడిసేసరికి ఆరు దాటుతది, హైమవతమ్మా. మబ్బేమో మూడూ నాలుగూ నడుమ ఒస్తున్నది. పొద్దుగాల అయిదున్నరకు మొదలువెడ్తే రెండింటికి పని ఒడుస్తది."

అనీష్ ఫోన్ తీసి చూపించాడు. "అక్కా, సోమవారం వాన ఇరవై పర్సెంటే చూపిస్తోంది. బిల్‌కుల్ క్లియర్."

"ఆ ఇరవై మన గల్లీల వడితే నాకు నూరే గదా, సారూ."

హైమవతి ఒక్క క్షణం ఆలోచించింది. "నా పిండి కూడా ఈ నెలలో అంతేనమ్మా. వానాకాలంలో రాత్రంతా పెడితే పొంగేది. ఇప్పుడు మధ్యాహ్నం మూడు గంటలకే గిన్నె దాటి వచ్చేస్తోంది. గడియారాన్ని నమ్ముకుంటే పులిసిపోతోంది" అంటూ ఫోన్ తీసి పంతులుగారికి చేసింది. "తెల్లారగట్ల అయిదున్నరకి మొదలెడతామంటున్నారండీ. అది బ్రహ్మముహూర్తమే కదా? దానికి మళ్లీ వేరే ముహూర్తం చూడాలా?" అవతల ఆయన నవ్విన చప్పుడు సంగీతకు కూడా వినిపించింది. చూడనక్కర్లేదన్నాడు.

"ఇంకొకటి కావాలె" అంది సంగీత. "నాలుగు పెద్ద తాడ్‌పత్రీలు. చిల్లులు లేనివి."

"ఇంత ఎండలో టార్పాలిన్లెందుకమ్మా?"

"ఉండనీ అమ్మా. అక్కరకు రాకుంటే మడతవెట్టి పక్కకు పెడ్దాం."

హైమవతి వెళ్లాక సంగీత అనీష్‌ను సెంట్రింగ్ మీదికి తీసుకుపోయింది. కడ్డీలన్నీ అల్లి సిద్ధంగా ఉన్నాయి. కింది బీములు స్లాబును వరసగా నాలుగు ఖానాలుగా విడదీశాయి. "సారూ, ఒకవేళ నడుమల ఆపాల్సి వస్తే ఏడ ఆపాలె? నాకు గీత గీసి సూపెట్టు."

అనీష్ కాసేపు తల గోక్కున్నాడు. తర్వాత సుద్దముక్కతో ప్లైవుడ్ మీద ప్రతి ఖానాకూ మధ్యలో ఒక అడ్డగీత గీశాడు. "బీము మీద వద్దు, బీమును ఆనుకొని అసలే వద్దు. రెండు బీముల మధ్యలో, ఇదిగో ఇక్కడ. అంచు ఏటవాలుగా జారిపోకుండా చెక్క నిలబెట్టి నిటారుగా ఆపాలి. కానీ ఆపే పని పడదులే, అక్కా."

"పడకుంటే మంచిదే" అని సంగీత ఆ గీతలకు సరిపోయే చెక్కలు కోయించి, కడ్డీలు దూరడానికి గాట్లు పెట్టించి, ఒక మూల దాచిపెట్టింది.

సోమవారం అయిదున్నరకు ఇంకా చీకటిగానే ఉంది. ఫోకస్ లైటు కింద హైమవతి కొబ్బరికాయ కొట్టింది. మొదటి తట్ట ఆవిడ చేతనే పోయించారు. ఓంప్రకాష్ మిక్సర్ తిప్పాడు. ఓంప్రకాష్ మిషన్‌తో పాటే వచ్చే మనిషి, మిషన్ గొంతులో తేడా వస్తే నిద్రలో కూడా లేస్తాడంటారు. లిఫ్టు పైకి కిందికి ఆడసాగింది. పైన ఇద్దరు వైబ్రేటర్ పట్టారు, నలుగురు పారలతో సర్దారు, ఇద్దరు మట్టం గుంజారు. సంగీత అందరికంటే ముందు కడ్డీల మీద అడుగులు వేసుకుంటూ, చూపుతోనే చోటు చెబుతూ నడిచింది. సాంబయ్య కూడా ఆటోలో వచ్చాడు. పైకెక్కలేడు కనుక మిక్సర్ పక్కన ఎదురింటి అరుగు మీద కూర్చుని, కింద కంకర, ఇసుక లెక్క తప్పకుండా చూస్తున్నాడు.

ఎండ ఎక్కేసరికి మొదటి ఖానా అయిపోయి రెండోది మొదలైంది. హైమవతి తృప్తిగా చూసి, తన పిండి బండ్లు పంపించడానికి అడాజన్ వెళ్లింది.

ఎనిమిదింపావుకు లిఫ్టు వైరు తెగింది. తొట్టి సగం ఎత్తు నుంచి దబ్బున కింద పడింది. అదృష్టం, కింద ఎవరూ లేరు.

"దీదీ, కొత్త వైరు తేవాలి. దుకాణం పదింటికి గానీ తెరవడు" అన్నాడు ఓంప్రకాష్, తెగిన కొస చేత్తో పట్టుకుని.

సంగీత పైనుంచి వంగి చూసింది. తర్వాత తన వెనక పోసిన కాంక్రీటు అంచు వైపు చూసింది. ఎండకు అప్పుడే రంగు మారుతోంది. ఇంకో గంట అలా వదిలితే అంచు బిగిసిపోతుంది. దాని మీద తర్వాత ఎంత పోసినా పాతది, కొత్తది వేరువేరుగానే ఉంటాయి. అదీ రెండో బీముకు జానెడు దూరంలో. అక్కడైతే ఎట్టి పరిస్థితిలోనూ ఆపకూడదు.

"ఓంప్రకాష్ భయ్యా, నువ్వు పోయి దుకాణపాయన్ను ఇంట్ల నుంచే గుంజుకరా. మంగూబేన్, గోనెసంచులు తడిపి అంచు మీద కప్పుండ్రి. మామా!" అని కిందికి కేకేసింది. "చేత్తోని కలుపుదాం!"

సాంబయ్య ఆ మాట కోసమే చూస్తున్నట్టు అరుగు మీది నుంచి లేచాడు. మిషన్లు రాకముందు ఆయన కలిపిన కాంక్రీటుకు లెక్క లేదు. రెండు ఇనుప రేకులు నేల మీద పరిపించి, ఇసుక, సిమెంటు ముందు పొడిగా మూడుసార్లు తిరగేయించి, తర్వాత కంకర, తర్వాత నీళ్లు. "అట్ల గాదురా, అంచు నుంచి నడుమకు! నీళ్లు పారనియ్యకు!" అని కర్ర ఆడిస్తూ కసిరాడు. నిచ్చెన మీద, మంచె మీద మనుషులు వరసగా నిలబడి తట్టలు అందుకున్నారు. పని నత్తలా సాగింది, కానీ ఆగలేదు. అంచు బతికే ఉంది. వాళ్లు బీము దాటి మూడో ఖానాలో పడేసరికి పదకొండు కావస్తోంది. అప్పుడు ఓంప్రకాష్ కొత్త వైరుతో వచ్చాడు. పడ్డ తొట్టి వంకర తీసి, వైరు ఎక్కించేసరికి పన్నెండు దాటింది, అప్పుడు లిఫ్టు కదిలింది. కింద ఆడవాళ్లు కేరింతలు కొట్టారు.

రెండు గంటలు దాటి పది నిమిషాలైంది. సంగీత కాళ్ల దగ్గర, మూడో ఖానా మధ్యలో, సుద్దగీత ఉంది. కాంక్రీటు దాని దాకా వచ్చింది.

ఆమె అక్కడ నిలబడి తూర్పుకు చూసింది. మబ్బు లేదు. కానీ పొద్దున్నుంచి సముద్రం వైపు నుంచి మెల్లగా వీస్తున్న గాలి ఎప్పుడో నిలిచిపోయింది. పక్క డాబా మీద ఆరేసిన చీర కొస కూడా కదలడం లేదు. మెడ మీద చెమట ఆరడం లేదు. తూర్పు అంచు నీలంగా లేదు; పాలు కలిపిన నీళ్లలా ఉంది. వాన వచ్చిన ఆరు రోజులూ ముందు ఇలాగే ఉంది.

ఈ గీత దాటితే, తర్వాతి గీత చివరి ఖానా మధ్యలో ఉంది. అక్కడికి చేరేసరికి నాలుగు దాటుతుంది. అప్పుడు వాన వస్తే, వచ్చిన నిమిషంలో ఎక్కడ ఉంటే అక్కడే ఆగాలి. పోసి పావుగంట కూడా కాని కాంక్రీటు మీద వాన పడుతుంది. ఇక్కడే ఆపితే, పోసినదానికి రెండు గంటల ఎండ దొరుకుతుంది, గట్టిపడడానికి.

"బంద్ చెయ్యుండ్రి" అంది సంగీత. "చెక్క పెట్టుండ్రి. గీత మీద."

వైబ్రేటర్ ఆగింది. మనుషులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నెత్తి మీద ఎండ మండిపోతోంది.

మిక్సర్ ఆగేసరికి కింద నుంచి సాంబయ్య గొంతు లేచింది. "ఏమైంది? ఎందుకు ఆపిండ్రు?"

సంగీత నిచ్చెన దిగి ఆయన దగ్గరికి వచ్చింది. "మామా, గీత దగ్గర ఆపుతున్న. మిగిలింది రేపు పొద్దుగాల ఏస్తం."

సాంబయ్య మొహం ఎర్రబడింది. "నీకేమన్న పిచ్చా? స్లాబు నడుమల ఆపుతరా? మొదలువెట్టినంక ఒడగొట్టి దిగాలె. నా జిందగీల ఒక్కటి ఆపలే. మూడు గంటల పని! పైన సూడు, మబ్బున్నదా?"

"లేదు. ఒస్తది."

"రాకుంటే?"

"రాకుంటే నేను తప్పు చేసినట్టు, మామా. ఒచ్చినంక ఆపితే స్లాబు పాడైతది. నాకు తప్పు వడుడే నయం."

ఆయన కర్ర నేలకు కొట్టి అరుగు మీదికి వెళ్లిపోయాడు. మనుషులు ఇంకా కదలలేదు. పెద్ద మేస్త్రీ మాట వినాలా, ఈమె మాటా అని తేలక నిలబడ్డారు. మంగూబేన్ కింద మూలన ఉన్న చెక్క ఎత్తి నెత్తిన పెట్టుకుని నిచ్చెన ఎక్కింది. ఆ వెనకే మిగిలినవాళ్లు కదిలారు.

చెక్క నిలబెట్టి, అంచును నిటారుగా కోసి, పైన మట్టం గుంజి, చదును చేసేసరికి మూడు దగ్గర పడింది. అప్పుడే హైమవతి స్కూటర్ గల్లీలోకి వచ్చింది, వెనకాలే అనీష్ బండి.

"మిషన్ ఆగిందేంటి? అయిపోయిందా?" అని అడిగిన హైమవతి, విషయం విని స్కూటర్‌కు స్టాండు వేసింది. తర్వాత నిదానంగా అంది. "స్లాబు ఒకటే ముక్కగా పడాలని అందరూ చెప్పారు నాకు. అతుకు పడితే అక్కడ కారుతుందంట. కింద నా పిండి ఉంటుంది సంగీతా. ఎవరినడిగి ఆపావు?"

"ఎవరినీ అడగలే, అమ్మా. నేనే ఆపిన. కారితే నా పేరు చెప్పుండ్రి. ఆపిన జాగ కరెక్టుగున్నదా లేదా, సారును పైకి పోయి సూడమనుండ్రి."

అనీష్ పైకెక్కి, చెక్క పక్కన మోకాళ్ల మీద కూర్చుని చూశాడు. దిగి వచ్చి, "జాగా కరెక్టే, ఆంటీ. అంచు కూడా నీట్‌గా ఉంది. కానీ..." అని ఆకాశం వైపు చూశాడు.

ఆ 'కానీ' గల్లీ అంతా వినిపించింది. వెనక గల్లీలో ఇంకో స్లాబు పడుతోంది. అక్కడి మిక్సర్ మోత ఆగకుండా వస్తోంది. మూడున్నరైంది. తెల్లటి మబ్బు ఒకటి తూర్పున లేచింది. అందరూ అటు చూశారు. అది పైకి సాగి, సన్నబడి, చెదిరిపోయింది. అరుగు మీద సాంబయ్య పెదవి విరిచాడు. ఎదురింటి వరండా నీడలో కూర్చున్న మనుషుల్లో ఒకడు చేతిగడియారం చూసుకున్నాడు.

సంగీత మళ్లీ లెక్క వేసుకుంది. ఈపాటికి సగం ఖానా అయిపోయేది. రేపు ఈ మనుషులంతా వస్తారా? వచ్చినా, వాన రాని రోజు స్లాబు ఆపిన మేస్త్రీ అని నవాగామ్ అంతా చెప్పుకోరా? ఆ ఆలోచనను అక్కడే వదిలేసి పైకెక్కింది. పొద్దున్న పోసిన వైపు బొటనవేలితో నొక్కి చూసింది, రాయిలా ఉంది. మధ్యలో, గోటి గాటు పడింది. గీత దగ్గర, వేలు ఇంకా కొంచెం దిగింది. ఇంకో గంట కావాలి దానికి.

"తాడ్‌పత్రీలు కప్పుండ్రి" అంది. "గీత దిక్కు నుంచి మొదలువెట్టుండ్రి. అంచులకు ఇటుకలు."

నాలుగూ పదికి పక్క డాబా మీది చీర ఒక్కసారి లేచి తీగకు చుట్టుకుంది.

తర్వాత అంతా ఒక్క ఉరుకున జరిగింది. ఇళ్ల వెనక దాగినట్టున్న మబ్బు నల్లగా నెత్తి మీదికి వచ్చింది. దుమ్ము లేచింది. మొదటి చినుకులు తాడ్‌పత్రీ మీద రాళ్లు విసిరినట్టు పడ్డాయి, ఆ వెంటనే గల్లీ చివర కనిపించనంత వాన. గాలి ఒక అంచును ఇటుకలతో సహా ఎత్తింది. సంగీత, మంగూబేన్ ఇద్దరూ ఇంకా కాంక్రీటు పడని కడ్డీల మీద నిలబడి ఆ అంచును ఒడిసిపట్టారు. మిగిలిన ఆడవాళ్లు వచ్చి వరసగా అంచు మీదే కూర్చున్నారు, నెత్తి మీద తట్టలు బోర్లించుకుని. కింద నుంచి మగవాళ్లు ఎక్కారు. తాడ్‌పత్రీ మీద మధ్యలో నీళ్లు నిలవకుండా రెండు వైపులా పట్టుకుని ఊపి బయటికి నెట్టారు. "ఎత్తు! ఒదులు! మల్ల ఎత్తు!" సంగీత గొంతు ఉరుముల్లో కూడా వినిపించింది.

ఆ వానలో వెనక గల్లీ మిక్సర్ మోత ఆగింది. అక్కడ అరుపులు మొదలయ్యాయి. మూడు తాడ్‌పత్రీలు సంగీత స్లాబుకు సరిపోయాయి. నాలుగోది మడతల్లోనే ఉంది.

"ఓంప్రకాష్ భయ్యా! ఇది తీసుకపోయి వాళ్లకియ్యి. ఇద్దరు మనుషులను తోలుకపో!"

వాన ముప్పావు గంట పడింది. వెలిసేసరికి వెనక గల్లీ మోరీలో నీళ్లు తెల్లగా పారుతున్నాయి, సిమెంటు కలిసి. హైమవతి గల్లీ చివరిదాకా నడిచి ఆ తెల్లటి నీళ్లను చాలాసేపు చూసింది. పైకొచ్చి తాడ్‌పత్రీ ఒక మూల తనే ఎత్తింది. కింద కాంక్రీటు పొడిగా, మట్టం గుంజిన గీతలతో సహా, పోసినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది. తడిసి ముద్దైన ఆడవాళ్లందరికీ టీ తెమ్మని అనీష్‌ను పంపింది. సంగీతతో మటుకు ఒకటే అడిగింది.

"రేపు ఎన్నింటికి రమ్మంటావు?"

"అయిదున్నరకే, అమ్మా."

సాంబయ్య అప్పటికే ఆటో ఎక్కి వెళ్లిపోయాడని తెలిసి సంగీత ముఖం చిన్నబోయింది. ఆ రోజు మొత్తంలో ఆమెకు బాధ కలిగింది అప్పుడొక్కసారే.

మర్నాడు అందరూ వచ్చారు. అందరికంటే ముందు సాంబయ్య వచ్చాడు. ఎదురింటి అరుగు మీద కూర్చోకుండా పక్కింటి తలుపు కొట్టాడు. వాళ్ల డాబా స్లాబుకు ఆనుకునే ఉంది, ఎత్తు కూడా సమానమే. ఒక్కో మెట్టు మీదా కూర్చుని లేస్తూ, పావుగంటకు డాబా మీదికి చేరాడు. సంగీత చెయ్యి అందిస్తే పట్టుకుని ఇవతలికి దిగాడు. చెక్క తీసేసిన అంచు దగ్గర కూలబడి, దాన్ని అరచేత్తో తడిమాడు.

"కతర్‌గామ్‌ల ఒకటి ఆపిన" అన్నాడు, ఆమె వైపు చూడకుండా. "వజ్రాల కార్ఖానా. అప్పటికి నేను మేస్త్రీ అయి రెండేండ్లు. వానొచ్చింది, ఆపిన. ఏడ ఆపాల్నో తెల్వదు, బీము పక్కనే ఆపిన. అయిదేండ్లు కారింది, బిడ్డా. వానాకాలం వచ్చిందంటే ఆ సేఠ్ మనిషి మా ఇంటి ముంగట నిలవడేటోడు. గప్పట్నుంచి ఒట్టు వెట్టుకున్న. ఆపొద్దని నీకు చెప్పిన గని, ఎందుకొద్దో చెప్పలే. సిగ్గైంది."

సంగీత ఆయన పక్కన కూర్చుంది. "నాకు గీత సారు గీసిచ్చిండు, మామా. నాకు సొంతంగ ఏం తెలుసు?"

"అడగాల్నని తెలుసు గదా. నేనెవ్వర్ని అడగలే." ఆయన గొంతు సవరించుకున్నాడు. "సరే, ముచ్చట్లు సాలు. దీన్ని గిట్లనే వదిలి పోస్తే నిజంగనే కారుతది. తీగల బ్రష్ తే. పైన తెల్లగ పొర ఉన్నది సూడు, అదంత పోవాలె. కంకర పళ్లు కనవడాలె."

ఇద్దరూ వంగి రుద్దారు. అంచు గరుకై, కంకర తేలేదాకా. నీళ్లతో కడిగారు. ముందురోజు వానకు బీము పెట్టెల్లో నిలిచిన నీళ్లు కింద చెక్క ఊడదీసి వదిలేశారు. బట్టతో తుడిచారు. పాత అంచుకు చిక్కటి సిమెంటు పాలు పట్టించి, అది ఆరకముందే సంగీత చెయ్యి ఊపింది. మిక్సర్ తిరిగింది. పదకొండు గంటలకు చివరి తట్ట పడింది. నెత్తి మీద మళ్లీ అదే ఎండ.

ఆ మధ్యాహ్నం మూడు గంటలకు మబ్బు లేచింది గానీ, ఇటు రాలేదు. కొత్త భాగం మీద తాడ్‌పత్రీలు మాత్రం సంగీత కప్పించే ఉంచింది.

దాహోద్ వాళ్లు ధన్‌తేరస్ నాడు ఊరికి వెళ్లారు. వాళ్లు లేని రోజుల్లో సంగీత, రఘుపతి రోజూ వచ్చి స్లాబు మీద ఇసుక కట్టలు పోసి నీళ్లు నిలిపారు. దీపావళి నాడు కూడా, చుట్టూ టపాకాయలు పేలుతుంటే, తెల్లారగానే వచ్చి నీళ్లు పట్టి వెళ్లారు. రఘుపతి పైపు పట్టుకుని నవ్వాడు. "మా కార్ఖానాల సాంచాలకు సుత సెలవున్నది, నీ స్లాబుకు లేదు."

"దీనికి దప్పిక ఎక్కువ" అంది సంగీత.

దేవ్ దీపావళి వెళ్లిన వారానికి సెంట్రింగ్ విప్పారు. వాన జాడ లేదు. పొద్దున గాలిలో చలి మొదలైంది, ఆడవాళ్లు చెవులకు గుడ్డలు కట్టుకుని వచ్చారు. ఒక్కో పోటు కర్ర తీస్తుంటే, ఒక్కో రేకు ఊడుతుంటే, అందరికంటే ముందు సంగీతే కిందికి వెళ్లి చూసింది. హైమవతి టార్చిలైటు తెచ్చుకుంది. అనీష్ వద్దంటున్నా వినకుండా స్టూలెక్కి, మూడో ఖానా మధ్యలో వెలుగు వేసింది. పెన్సిలుతో గీసినట్టు సన్నటి గీత ఒకటి, ఇటు రంగు కొంచెం ముదురు, అటు లేత. పైన నిన్నటిదాకా బెత్తెడు నీళ్లు నిలిచి ఉన్నాయి. హైమవతి గీత పొడుగునా చెయ్యి రాసింది. అరచేతికి సున్నంలాంటి పొడి అంటింది. తడి అంటలేదు.

"పొడిగా ఉంది" అంది హైమవతి. మళ్లీ ఒకసారి రాసి చూసింది. "అయితే నేను అనవసరంగా కోప్పడ్డానమ్మా ఆ రోజు."

"మీ జాగల నేనున్నా కోపానికొస్తుంటి" అంది సంగీత.

సాంబయ్య గడప దగ్గర ఇటుకల దొంతి మీద కూర్చుని ఉన్నాడు. తలెత్తి ఆ గీతను చూశాడు, ఈ కొస నుంచి ఆ కొస దాకా. పక్కనున్న కొత్త కూలీని పిలిచి, "గా అతుకు ఎట్ల పెట్టిందో మీ మేస్త్రీని అడిగి నేర్చుకో" అన్నాడు.

హైమవతి స్టూలు దిగి, ఖాళీ గదిలో నాలుగడుగులు వేసి నిలబడింది. "ఇక్కడ గ్రైండర్లు. మూడు. కడిగిన నీళ్లు ఆ మూలకి పోవాలి. ఎంత వాలు ఇస్తావు?"

సంగీత చీర కొంగు నడుముకు దోపి, సుద్దముక్క తీసుకుని నేల మీద కూర్చుంది. "ఆ మూల అంటే గోడలకెల్లి పైపు పోవాలె, అమ్మా. పైపు ఏడ బయటికొస్తదో ముందు అది సూద్దాం" అని గీత మొదలుపెట్టింది.